యల్లాప్రగడ మందు సగంలో ఆగకూడదు

రక్త క్యాన్సర్‌కు చికిత్స తీసుకునే చాలామంది పిల్లలకు వారానికి ఒక్కసారి ఇచ్చే మాత్ర ఒకటుంది. దాని పేరు మెథోట్రెక్సేట్. ఆ మందు పుట్టడానికి కారకుడు మన తెలుగువాడేనని మీకు తెలుసా? ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కింది. స్ప్రూ అనే పేగుల జబ్బు ఇద్దరు సోదరులను కొద్ది రోజుల తేడాలోనే బలి తీసుకుంది. మద్రాసులో వైద్యం చదివి, మామగారి సాయంతో, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ తోడ్పాటుతో 1922లో అమెరికా వెళ్లారు. బోస్టన్‌లో హార్వర్డ్‌లో చదువుకుంటూ, ఖర్చుల కోసం రాత్రిళ్లు ఆస్పత్రిలో చిన్నాచితకా పనులు చేశారు.

1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. సోదరులను తీసుకెళ్లిన స్ప్రూకు అది మందయింది. బోదకాలు నివారణకు మన కోస్తా జిల్లాల్లో పంచిన డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం చలవే.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఒక విషయం గమనించారు. రక్త క్యాన్సర్ పిల్లలకు ఫోలిక్ ఆమ్లం రకం మందులిస్తే జబ్బు ఇంకా వేగంగా పెరుగుతోంది. అయితే దాన్ని అడ్డుకుంటే? సుబ్బారావు బృందం అలా అడ్డుకునే అమినోప్టెరిన్‌ను తయారుచేసి ఇచ్చింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మంది తేరుకున్నారు. కానీ కొంతకాలమే. జబ్బు మళ్లీ తిరగబెట్టింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు 53 ఏళ్లకే కన్నుమూశారు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ మాత్రం నేటికీ వాడుకలో ఉంది.

మందొక్కటే చాలదని ఫార్బర్ గ్రహించారు. వైద్యంతోపాటు ఆహారం, మానసిక ధైర్యం, కుటుంబానికి సలహా, ఆర్థిక ఆసరా అన్నీ ఒకేచోట అందాలన్నారు. నేటి క్యాన్సర్ ఆస్పత్రుల్లోని కౌన్సెలింగ్, సహాయ విభాగాల వెనకున్న ఆలోచన అదే.

ఈ రోజు పిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్త క్యాన్సర్ చాలామందికి పూర్తిగా నయమవుతుంది. అయితే చికిత్స రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. బలిఘట్టంలాంటి ఊరి నుంచి విశాఖ తిరగడమంటే కూలి పోతుంది, బస్సు ఖర్చవుతుంది. పిల్లాడు ఆడుకుంటున్నాడు, ఇక చాలు అనిపిస్తుంది. అక్కడే ప్రమాదం. పైకి తగ్గినట్టు కనిపించినా జబ్బు కణాలు లోపల మిగిలి ఉండవచ్చు. మధ్యలో ఆపితే తిరగబెట్టే ముప్పు ఎక్కువ.

అందుకే మొదటి రోజే డాక్టర్‌ను అడగండి. చికిత్స ఎన్నాళ్లు? నయం చేయడానికా, అదుపులో ఉంచడానికా? రాత్రివేళ ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? కాగితం మీద రాయించుకోండి. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లినా, కేజీహెచ్‌కు వెళ్లినా ఎన్టీఆర్ వైద్య సేవ హెల్ప్‌డెస్క్‌ను, ఆస్పత్రి సోషల్ వర్కర్‌ను కలవండి. బస, ప్రయాణం, మందుల ఖర్చుల గురించి మొహమాటపడకుండా చెప్పండి. నొప్పి ఉంటే పాలియేటివ్ కేర్ గురించి అడగండి. అది చివరి రోజులకే పరిమితం కాదు.

రెండు జాగ్రత్తలు మరవొద్దు. కీమో సమయంలో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. మెథోట్రెక్సేట్ మాత్ర వారానికోసారి అని రాస్తే పొరపాటున రోజూ వేసుకోకూడదు, ప్రాణం మీదికి వస్తుంది. కీళ్లవాతానికి దీన్ని వాడే పెద్దలకూ ఇదే మాట. ఏ వారం వేసుకోవాలో క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

సుబ్బారావు గారి మందు మన దాకా వచ్చింది. దాన్ని చివరి మోతాదు వరకు తీసుకెళ్లడం ఇంటిల్లిపాది పని.