విభక్తి నుండి భక్తికి: నారాయణ భట్టతిరి

కవికి వెలుపలి శత్రువులకంటె లోపలి శత్రువులే బలవంతులు. ఆలస్యముచేత ప్రతిభ తుప్పుపట్టును. నిరాశచేత వాక్కు మూగవోవును. గర్వముచేత పండిన పంట సయితము పుచ్చిపోవును. ఈ మూటిని తనయందే కనుగొని, భగవదనుగ్రహముచే జయించిన మహాకవి నారాయణీయకర్త మేల్పత్తూరు నారాయణ భట్టతిరి.

కేరళదేశమున భారతపుళ నదీతీరమునందలి తిరునావాయ క్షేత్రమునకు చేరువ, 1560 ప్రాంతమున, పండితుడైన మాతృదత్తునకు ఆయన కుమారుడై జన్మించెను. విద్వత్కుటుంబమున పుట్టియు, సూక్ష్మబుద్ధి గలిగియు, యౌవనమున సంధ్యానుష్ఠానమును విడిచి, పొద్దెక్కువరకు నిద్రించుచు కాలము వ్యర్థపుచ్చెనని పెద్దలు చెప్పుదురు. జ్యోతిశ్శాస్త్రవేత్తయు వైయాకరణుడునగు తృక్కండియూరు అచ్యుత పిషారడి ఒకనాడు ఆయనను తీవ్రముగా మందలించెను. ఆ మాట ములుకువలె నాటెను. కోపింపక ఆయనకే శిష్యుడై భట్టతిరి వ్యాకరణమున పారంగతుడయ్యెను.

పిమ్మట గురువునకు వాతరోగము సంక్రమింపగా, గురుదక్షిణగా ఆ వ్యాధిని తనపైకి తెచ్చుకొనెనని ప్రతీతి. అవయవములు పట్టుబడిపోయెను. శాస్త్రజ్ఞానమంతయు ఉండియు ఏమియు తోపని దశ ప్రాప్తించెను. ఉపాయమేమని భక్తకవి ఎళుత్తచ్ఛన్ వద్దకు మనిషిని పంపగా, చేపతో ఆరంభింపుమని బదులు వచ్చెనట. శుచిమంతుడైన బ్రాహ్మణునకు ఇట్టి మాటయా యని తెచ్చినవాడు కలతపడెను. భట్టతిరికి మాత్రము అంతరార్థము స్ఫురించెను: మత్స్యము మొదలుగా స్వామి యవతారములను కీర్తింపవలెను.

అంత ఆయన గురువాయూరు చేరి స్వామి సన్నిధిని కూర్చుండెను. పదునెనిమిది వేల శ్లోకముల భాగవతమును తలచి బెదరలేదు. దినమునకు ఒక్క దశకము, అంతియే నియమము. దేహము సహకరింపని దినమున ఆ బాధనే దశకాంతమున ప్రార్థనగా మార్చెను. వ్రాతకు అడ్డమైన వ్యాధియే వ్రాతకు ముడిసరకయ్యెను. ఇట్లు నూరు దినములలో నూరు దశకములు, వేయికి పైగా శ్లోకములు వెలసెను. నూరవనాడు స్వామి దివ్యరూపము కన్నులకు గట్టెననియు, రోగము తొలగెననియు భక్తుల విశ్వాసము. ఆయురారోగ్యములను కోరు కడపటి పదము కటపయాది సంఖ్యచే 17,12,210వ కలిదినమును, అనగా 1586వ సంవత్సరాంతమును సూచించును.

ఇక మిగిలినది గర్వము. పూంతానము నంబూద్రి తన మలయాళ కృతిని చూచి దిద్దుమని కోరగా, భాషాకవిత్వమని భట్టతిరి త్రోసిపుచ్చెను. ఆ రాత్రి స్వామి స్వప్నమున దర్శనమిచ్చి, భట్టతిరి విభక్తికంటె పూంతానము భక్తియే తనకు ప్రియమని తెలిపెనట. వైయాకరణునకు ఇంతకంటె తగిన శిక్ష యేది? తెల్లవారగనే ఆయన పూంతానమును వెదకి క్షమాపణ వేడెను.

అనంతరము అంబలప్పుళ ప్రభువు దేవనారాయణుని కోరికపై పాణినిసూత్రములను విషయక్రమమున కూర్చి ప్రక్రియాసర్వస్వమను వ్యాకరణగ్రంథమును రచించెను. విభక్తిని విడువలేదు, దానిని భక్తికి దాసిని చేసెను.

గురువాయూరు ఆలయమున ఆయన కూర్చుండిన చోటును నేటికిని యాత్రికులు దర్శింతురు. సత్కార్యమును ఆరంభింప జంకువారు అచట ఒక్క క్షణము నిలిచి, నేటి దశకమును నేడే ముగించిన ఆ మహనీయుని స్మరింతురు గాక.