బడిపంతులు వీరేశలింగముగారు

కందుకూరి వీరేశలింగము పంతులుగారి పేరు వినని తెలుగువారుండరు. వితంతు వివాహములు జరిపించిన మహానుభావులుగా వారిని తలచుచుందుము. కాని వారు వృత్తిచే బడిపంతులని తలచువారు తక్కువ. మన గ్రంథాలయమునకు వచ్చు హైస్కూలు విద్యార్థులలో కథలు వ్రాయవలెనని, పత్రికలకు వార్తలు పంపవలెనని కుతూహలపడువారున్నారు. వారి కొరకే ఈ నాలుగు మాటలు.

పంతులుగారు 1848 ఏప్రిల్ 16వ తేదీని రాజమహేంద్రవరమున జన్మించిరి. పసితనముననే తండ్రిని గోల్పోయిరి. చదువు ముగిసిన పిదప కోరంగిలో ఉపాధ్యాయులై, అటుపై ధవళేశ్వరము పాఠశాలకు ప్రధానోపాధ్యాయులైరి. 1874 అక్టోబరులో వివేకవర్ధని పత్రికను స్థాపించిరి. మొదట అది చెన్నపట్టణమున అచ్చగుచుండెను. గోదావరి మండలమునకు అప్పటికింకను రైలు రాలేదు. వ్రాతప్రతి అంత దూరము పోయి, అచ్చయి తిరిగి వచ్చుటకెంత యాతనయో చదువరులే యూహింతురుగాక! పిదప రాజమహేంద్రవరముననే స్వంత ముద్రాక్షరశాలను నెలకొల్పుకొనిరి.

చిన్నయసూరిగారు మిత్రలాభ మిత్రభేదములు మాత్రమే రచింపగా, సంధి విగ్రహములను పంతులుగారు తెనిగించిరి. ఆ శైలి మిక్కిలి ప్రౌఢము. నేను నిఘంటువును చెంత బెట్టుకొని చదివితిని; కొన్ని పుటలకు రెండేసి సాయంకాలములు పట్టినవి. అట్టి పండితులే పత్రిక చేపట్టిన పిదప భాషను సులభము చేసికొనిరి. ఉద్యోగి లంచమును గూర్చిన వ్రాత, లంచమిచ్చిన రైతునకే బోధపడనిచో ఫలమేమి? గ్రామ లెక్కలు వ్రాసి వ్రాసి తలనెరసినవాడను గనుక, అర్థముకాని వ్రాత ఎవరికి లాభించునో నేనెరుగుదును.

తరువాత రాజమహేంద్రవరము ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితులైరి. పత్రికారచనయను పాఠము ఆనాటి తరగతులలో లేదు. అయినను పగలు పాఠము చెప్పిన గురువే పత్రికలో ఊరి అన్యాయములను ఎండగట్టుట శిష్యులు కన్నులార చూచిరి. 1878లో రాజశేఖర చరిత్రము ఆ పత్రికలోనే వరుసగా వెలువడజొచ్చెను. గోల్డుస్మిత్తు అను ఆంగ్ల రచయిత కథ దానికి ప్రేరణమైనను, అందలి సోదెలు, శకునములు, ముహూర్తములు, బంధువుల ఆశలు అన్నియు మన యింటివే. కథకు వస్తువు మన వీథిలోనే కలదని బాలురకు తెలిసినది అప్పుడే.

1880లో పంతులుగారు విద్యార్థులచే నాటకములాడించిరి. వకీళ్ల మోసములపై వారు వ్రాసిన వ్యవహార ధర్మబోధిని జనులు మాటలాడుకొను భాషలోనే నడచినది. ఏ పాత్ర ఎట్లు మాటలాడునో తెలిసికొనుటకు అంతకంటె మంచి బడి యేది? పంతులుగారి హాస్యము ఒక్కొక్కచోట హద్దుమీరి, సంస్కరింపవలసిన వానినే శత్రువును చేసెనని మాత్రము నా యభిప్రాయము.

ఆ చదువునకు పరీక్ష 1881 డిసెంబరు 11వ తేదీన వచ్చినది. పంతులుగారి యింట తొలి వితంతు వివాహము జరిగెను. వెలివేతకు వెరచి పెద్దలనేకులు తొలగిపోయిరి. విద్యార్థులు నిలిచిరి. ఇంట తలిదండ్రుల కోపము, కులమున బహిష్కారభయము ఉండగా నిలిచిరి. పత్రికలో చదివినదానిని నమ్ముట యొకటి, దానికై తన పంక్తిలో విస్తరి పోగొట్టుకొనుటకు సిద్ధపడుట వేరొకటి. పదునెనిమిదేండ్ల ప్రాయమున నేనైనచో నిలిచియుందునా యని పలుమారు తలపోసికొంటిని; ఔనని చెప్పుటకు ధైర్యము చాలలేదు.

పంతులుగారు ముదిమియందును కలము విడువలేదు. 1919 మే 27వ తేదీన చెన్నపట్టణములో, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి యింట కన్నుమూసిరి. అప్పటికి తమ కవుల చరిత్రమును సవరించుచుండిరి.