పెన్సిలిన్ ఫ్లెమింగ్ ముందే హెచ్చరించారు

అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1881 ఆగస్టు 6న స్కాట్లాండులోని డార్వెల్ దగ్గర ఒక రైతు కుటుంబంలో పుట్టారు. ఏడేళ్ళకే తండ్రి పోయారు. ఆ కష్టమేమిటో మన హాస్టల్లో చాలామందికి తెలుసు. లండన్ చేరి, నాలుగేళ్ళు ఓడల కంపెనీలో గుమాస్తాగా పనిచేశారు. బంధువొకరు వదిలిపోయిన కొద్దిపాటి సొమ్ము చేతికొచ్చాకే సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో వైద్యవిద్యలో చేరగలిగారు.

1928 సెప్టెంబరులో సెలవుల నుంచి తిరిగొచ్చి చూస్తే, ఒక గాజు పళ్ళెంలో బూజు పట్టి ఉంది. దాని చుట్టూ పెరగాల్సిన స్టాఫిలోకాకస్ బాక్టీరియా కరిగిపోయింది. ఆ బూజు రసానికే ఆయన పెన్సిలిన్ అని పేరు పెట్టారు. దాన్ని రోగులకు పనికొచ్చే మందుగా తయారుచేసింది మాత్రం ఆక్స్‌ఫర్డులోని ఫ్లోరీ, చెయిన్ బృందం. క్విజ్‌లో మనం ఫ్లెమింగ్ పేరొక్కటే చెప్పి మార్కులు కొట్టేస్తుంటాం! 1945లో నోబెల్ బహుమతి ముగ్గురికీ కలిపి ఇచ్చారు.

ఆ బహుమతి ఉపన్యాసంలో ఆయన ఒక కల్పిత కథ చెప్పారు. గొంతు నొప్పి వచ్చిన ఒకాయన పెన్సిలిన్ కొనుక్కుని చాలీచాలకుండా వాడతాడు. క్రిములు చావకపోగా మందుకు అలవాటుపడతాయి. అవే భార్యకు అంటుకుంటాయి. ఆమెకు పెన్సిలిన్ పనిచేయదు, చనిపోతుంది.

ఈ కథ తెలిశాక మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. జ్వరానికి డాక్టరు రాసిన మాత్రల్లో నాలుగు మింగి, మిగిలినవి ట్రంకు పెట్టెలో దాచేవాళ్ళం. పక్క మంచం వాడికి గొంతు నొప్పి రాగానే ఇచ్చేవాళ్ళం. అది స్నేహమనుకున్నాం.

నిజానికి ఆ కథలోని గొంతు క్రిమి, స్ట్రెప్టోకాకస్, ఈనాటికీ పెన్సిలిన్‌కు లొంగుతోంది. ఎదురుతిరిగింది ఆ గాజు పళ్ళెంలోని స్టాఫిలోకాకస్, అదీ మొదట ఆసుపత్రుల్లో. లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రిలో డాక్టర్ మేరీ బార్బర్ పరీక్షించగా, లొంగని రకం 1946లో నూటికి 14 ఉంటే 1948కి సగం దాటింది. దశాబ్దం తర్వాత అక్కడే డాక్టర్లందరూ ఒక కట్టుబాటుకు వచ్చారు. పెన్సిలిన్ వాడకం బాగా తగ్గించారు, మిగతా మందులను జతచేసి ఇచ్చారు, ఒక రోగి నుంచి ఇంకొకరికి అంటకుండా జాగ్రత్తపడ్డారు. లొంగని క్రిములు తగ్గుముఖం పట్టాయని 1960లో ప్రకటించారు.

అది చూడటానికి ఫ్లెమింగ్ లేరు. 1955 మార్చి 11న గుండెపోటుతో మరణించారు. ఆ రైతుబిడ్డ సమాధి లండన్ సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో ఉంది.