వర్తకుల కొలువులో మన్రో

థామస్ మన్రో 1761లో స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. తండ్రి అమెరికాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఆ వ్యాపారం దెబ్బతిన్నది. కొంతకాలం వర్తకుల వద్ద లెక్కలు రాసిన మన్రో, 1780లో ఈస్టిండియా కంపెనీ సైనికుడిగా మద్రాసుకు వచ్చాడు.

1792లో టిప్పు సుల్తాను బారామహల్, సేలం సీమలను కంపెనీకి వదులుకొన్నాడు. బి. మల్లాపురం ఉన్న నేటి ధర్మపురి జిల్లా అందులోనిదే. అక్కడి శిస్తు ఏర్పాట్లకు కెప్టెన్ రీడ్‌ను, ఆయనకు సహాయకునిగా మన్రోను నియమించారు. మన్రో ఏడేళ్లు అక్కడ పనిచేశాడు. ధర్మపురిలో ఒక తోట పెంచాడు. పొలం పొలం కొలిపించి, ఏ రైతు ఏ చెక్క దున్నుతున్నాడో రాయించాడు.

అక్కడే మన్రో ఒక విడ్డూరం చూశాడు. కంపెనీ ఉద్యోగులు పేరున్న నేతగాళ్లను పిలిపించి, తమకు తప్ప ఇతరులకు బట్ట అమ్మబోమని ఒప్పుకొనేదాకా కాపలా పెట్టేవారు. బయానా పుచ్చుకొన్న నేతగాడు ఆ బాకీ నుండి బయటపడడం అరుదు. కంపెనీ ఒక చేత తక్కెడ, ఒక చేత దండం పట్టుకొన్నది. సంతలో ధర నచ్చకపోతే మరో అంగడికి పోవచ్చు. కొనే వర్తకుడే ఏలేవాడైతే ఎక్కడికి పోవాలి?

మన్రో వెళ్లిపోయాక ఈ సీమను మిట్టాలుగా విడగొట్టి వేలం వేశారు. వ్యాపారికి అది సులువైన లెక్క. కాని మిట్టాదారులలో అనేకులు శిస్తు కట్టలేకపోయారు. మిట్టాలు మళ్లీ సర్కారు చేతికే వచ్చాయి.

1800లో నిజాం ఇచ్చిన కడప, బళ్లారి మొదలైన సీమలకు మన్రో ప్రధాన కలెక్టరు అయ్యాడు. ఏళ్ల తరబడి డేరాలలో ఉంటూ ఊళ్లు తిరిగాడు. 1807లో శిస్తును నాలుగో వంతు తగ్గించమని సిఫారసు చేశాడు. రాబడి తగ్గితే వ్యాపారి నష్టమంటాడు. పాలకుడు చూడవలసినది ఈ ఏటి చిట్టాను కాదు, వచ్చే ఏడు రైతు దగ్గర విత్తనాలు మిగులుతాయా అన్నది. పైవారు ఒప్పుకోలేదు, ఊళ్లను కౌలుకిచ్చారు. కౌలుదారులు చెడ్డారు, రైతులూ చెడ్డారు.

1813లో మన్రో బ్రిటిష్ పార్లమెంటు ఎదుట బారామహల్ నేతగాళ్ల సంగతి దాచకుండా చెప్పాడు. 1820లో మద్రాసు గవర్నరై తిరిగి వచ్చాక రైతువారీ పద్ధతిని నిలబెట్టి, అప్పుడు కాదన్న శిస్తు తగ్గింపును అమలు చేయించాడు. అయితే ఆయన కంపెనీ మనిషే. పాలెగాళ్లను కఠినంగా అణచాడు. తగ్గించిన శిస్తు కూడా రైతుకు బరువే. అయినా రాయలసీమలో బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నారని చెబుతారు.

1827 జూలై 6న పర్యటనలో ఉండగా పత్తికొండలో కలరాతో మరణించాడు. గుత్తిలో ఖననం చేశారు. తర్వాత అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి చేర్చారు. ఆరేళ్లకు, 1833లో, పార్లమెంటు చట్టం చేసి కంపెనీ చేత వ్యాపారం మాన్పించింది. తక్కెడ పోయింది, దండం మరో పాతికేళ్లు కంపెనీ చేతిలోనే ఉన్నది.