రుడాల్ఫ్ డీజెల్ జీవితము

మన సున్నిపెంట నల్లమల యడవి నడుమ వెలసిన యూరు. 1963 లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలము ఆనకట్టను కట్టుటకై వచ్చిన యింజనీర్లకును పనివారికిని నివాసముగా నిది పెరిగినది. దోర్నాల నుండి ఘాటు దారిని ఎక్కివచ్చు బస్సులును, లారీలును, సరకుల పికప్పు బండ్లును మనకు నిత్యపరిచితములు. వానిలో పెక్కింటిని కొండ యెక్కించునది డీజెలు యంత్రము. డీజెలనగా నొక నూనె పేరని మాత్రమే పలువు రెరుగుదురు. అది మొదట నొక మనుష్యుని పేరు. మనము కాల్చు బొగ్గులోను నూనెలోను నుండు శక్తి వృథా పోకుండ పనికి వచ్చుట యెట్లు? ఈ యొక్క ప్రశ్నకు సమాధానము వెదకుటలో నాయన జీవితము గడచినది.

రుడాల్ఫ్ డీజెల్ 1858 వ సంవత్సరము మార్చి 18 వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తల్లిదండ్రులు జర్మనీలోని బవేరియా ప్రాంతమువారు. తండ్రి తోలువస్తువులు చేసి జీవించుచుండెను. బాలుడు తండ్రికి పనిలో సాయపడుచు, తయారైన సరకును తోపుడు బండిపై కొనువారి యిండ్లకు చేర్చెడివాడు. 1870 లో ఫ్రాన్సునకును జర్మనులకును యుద్ధము సంభవింపగా నా కుటుంబము పారిస్ విడిచి లండనునకు పోవలసి వచ్చెను. అచట జీవనము కష్టమగుటచే తల్లి తన పండ్రెండేండ్ల కుమారుని ఔగ్స్‌బుర్గ్ పట్టణమున నున్న బంధువుల యింటికి పంపెను. ఆ యింటి యజమాని గణితోపాధ్యాయుడు. ఆయన నీడలో రుడాల్ఫ్ చక్కగా చదివి తరగతిలో ప్రథముడై నిలిచెను.

త్వరగా పనిలో చేరి సంపాదింపవలెనని తల్లిదండ్రులు కోరిరి. కాని యతడు 1875 లో విద్యార్థివేతనము పొంది మ్యూనిక్ పాలిటెక్నిక్ విద్యాలయమున చేరెను. శీతలీకరణ యంత్రములకు పేరొందిన కార్ల్ ఫాన్ లిండె యచట నతనికి గురువు. ఆవిరియంత్రము తాను తిను బొగ్గులోని శక్తిలో పదవ వంతునకు మించి పనిగా మార్చజాలదనియు, మిగిలినదంతయు వేడియై, పొగయై గాలిలో కలియుననియు నాతడు ఆ గురువు పాఠములలో వినెను. ఆ మాట యతని మనసున నాటుకొనెను. 1879 లో విషజ్వరము సోకి పరీక్షకు పోజాలకపోయినను, 1880 జనవరిలో మిక్కిలి గౌరవముతో నుత్తీర్ణుడయ్యెను.

పిమ్మట లిండెగారి మంచు కర్మాగారపు పనిమీద పారిస్ నగరమునకు తిరిగి వచ్చెను. 1883 లో మార్తా ఫ్లాషెను వివాహమాడెను. వారికి మువ్వురు బిడ్డలు కలిగిరి. మంచు తయారు చేయుటకు వాడు అమ్మోనియాతో నతనికి నిత్యము పని. నీటియావిరికి మారుగా అమ్మోనియా ఆవిరితో యంత్రమును నడపవలెనని యతడు చాల యేండ్లు శ్రమించెను గాని ఫలము దక్కలేదు. 1890 లో బెర్లినునకు మారినను ఆ చింత వీడలేదు.

తుద కొక యూహ తట్టెను. సైకిలు పంపు కొట్టునపుడు దాని మొదలు వెచ్చనగుట మీరెల్లరు నెరుగుదురు. గాలిని నొక్కినకొలది వేడెక్కును. సిలిండరులో గాలిని మిక్కుటముగా నొక్కి, ఆ వేడిగాలిలోనికి కొంచెము నూనెను చిమ్మినయెడల నిప్పురవ్వ లేకయే యది మండును. ఈ యూహకు 1892 ఫిబ్రవరి 28 వ తేదీతో పేటెంటు లభించెను. ఔగ్స్‌బుర్గ్ యంత్రశాలవారు ప్రయోగములకు తావిచ్చిరి. 1893 ఆగస్టులో మొదటి పరీక్ష నాడు కొలత పరికరము ప్రేలిపోయెను. 1894 ఫిబ్రవరిలో యంత్రము ఒక్క నిమిషము మాత్రము తనంతట తాను తిరిగెను. మరి మూడేండ్లు మార్పులు చేయగా, 1897 ఫిబ్రవరి 17 న ప్రొఫెసరు మోరిట్స్ ష్రోటర్ దానిని పరీక్షించి, నూనెలోని శక్తిలో నూటికి 26.2 పాళ్లు పనిగా మారుచున్నవని తేల్చెను.

ధనమును కీర్తియు వెల్లువగా వచ్చెను. 1900 లో పారిస్ ప్రదర్శనమున నొక చిన్న డీజెలు యంత్రము వేరుసెనగ నూనెతో నడచెను. పెద్ద ఫ్యాక్టరీల ధాటికి నలిగిపోవు చిన్న పనివారికి ఈ యంత్రము ఆధారము కావలెనని డీజెల్ కోరిక. శ్రామికుల మేలునుగూర్చి 1903 లో నొక గ్రంథము కూడ వ్రాసెను. కాని మొదట అమ్మిన యంత్రములు కొన్ని చెడి తిరిగి వచ్చెను. పేటెంటు వ్యాజ్యములును, పని భారమును అతని యారోగ్యమును క్రుంగదీసెను. సొమ్ము తప్పు వ్యవహారములలో పోయి అప్పులు మిగిలెను. 1913 సెప్టెంబరు 29 రాత్రి ఆంట్‌వెర్ప్ నుండి ఇంగ్లండునకు పోవు డ్రెస్డెన్ అను ఓడలో భోజనముచేసి తన గదికి పోయెను. తెల్లవారి చూడగా పడక నలగలేదు, మనిషి లేడు. కొన్ని దినములకు సముద్రమున దొరికిన యొక శవముపై నున్న వస్తువులను కుమారుడు గుర్తించెను. ఆ మరణమునకు కారణ మేమో నేటికిని నిశ్చయముగా తెలియదు.

ఆయన పోయిన పదేండ్లకు, 1923, 1924 సంవత్సరములలో, డీజెలు లారీలు దారికెక్కినవి. బలముతోడ పొగయు వచ్చినది. సరిగా కాలని నూనె మసియగును. మిక్కుటమైన వేడిలో గాలియందలి నత్రజని మండి విషవాయువులగును. డీజెలు పొగ మనుష్యులకు కాన్సరు కలిగించునని 2012 లో ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ నిర్ణయించెను. కావున 2020 ఏప్రిల్ 1 నుండి మన దేశమున క్రొత్త బండ్లకు భారత్ స్టేజి ఆరు ప్రమాణములు విధింపబడినవి. పొగగొట్టములో నొక ఫిల్టరు మసిని పట్టి, వేడెక్కినపుడు దానిని కాల్చివేయును. కొన్ని బండ్లలో యూరియా ద్రావణమును కూడ చిలకరింతురు. అది వేడికి అమ్మోనియాగా మారి, విషవాయువులను హానిలేని నత్రజనిగను నీటియావిరిగను మార్చును. యౌవనమున డీజెల్ చేతికి చిక్కని యమ్మోనియా నేడాయన యంత్రపు పొగను కడుగుచున్నది!

అయినను కొందరు ఈ ఫిల్టరును కోసివేసి, ఉత్త గొట్టమును బిగింపించి, నూనె యెక్కువ చిమ్మునట్లు బండిలోని కంప్యూటరును మార్పింతురు. దీనికి కారణము లేకపోలేదు. చిన్న దూరములు మెల్లగా తిరుగు బండిలో పొగ చాలినంత వేడెక్కదు, ఫిల్టరు పూడుకొనును, క్రొత్తది కొనుట ఖర్చు. కుటుంబమును బండిపై పోషించుకొనువానికి అది బరువే. కాని అప్పుడప్పుడు నిలకడగా కొంతదూరము నడపినచో మసి తనంతట కాలును. పూడినదానిని శుభ్రము చేయింపవచ్చును. కోసివేయుట చట్టవిరుద్ధము, అంతకుమించి పొరుగువానికి కీడు. బండివాడు మిగుల్చుకొన్న సొమ్మును దారిన నడచు బిడ్డలును, రోడ్డు ప్రక్క కూలివారును తమ ఊపిరితో చెల్లింతురు. నల్లని పొగ బలమునకు గురుతని వారు గర్వింతురు. డీజెల్ చూచిన యెడల దానిని బలమనడు. కాలక పోయిన నూనె యనును. ఏ వ్యర్థమును తొలగించుటకై యాతడు తన యాయువు ధారపోసెనో, ఆ వ్యర్థమునే యాతని పేరుగల యంత్రముచేత చేయించుట యాతనికి గౌరవము కాదు.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు మెకానిక్కులగుదురు. కొందరు బండ్ల యజమానులగుదురు. దేవుడు ఈ యడవిగాలిని మనకును, మృగములకును, పక్షులకును సమముగా నొసగెను. పని కొలది శక్తిని వాడుట, పొరుగువాని పాలు చెడకుండ కాపాడుట అను రెండును గుర్తుంచుకొని మీరు పానా చేతబట్టుదురు గాక.