పళ్ల వైద్యానికి కాలేజీ కట్టిన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్

సంఘాల సావనీర్లలో మహనీయుల జీవితాలు అచ్చు వేయాలంటే సాధారణంగా స్వాతంత్ర్య యోధులో, కవులో, ఆలిములో, నవాబులో గుర్తుకొస్తారు. పళ్ల డాక్టరు ఎవరికీ గుర్తుకు రాడు. ఈసారి మేము కావాలనే ఒక పళ్ల డాక్టరు గారిని ఎంచుకున్నాము. ఆయన మన సికిందరాబాదు మనిషి కాదు, కలకత్తాలో పని చేశారు. అయినా ఇవాళ మన జంటనగరాల్లో బి.డి.యస్. చదివి గల్లీ మొదట్లో బోర్డు పెట్టుకున్న ప్రతి అమ్మాయీ, ప్రతి అబ్బాయీ నడుస్తున్న బాట ముందుగా వేసిన వారిలో ఆయన మొదటివారు. ఆయనే డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. లోకానికి డాక్టర్ ఆర్. అహ్మద్‌గా తెలిసినవారు.

ఆయన చేసిన పని విలువ తెలియాలంటే అప్పటి పరిస్థితి కాస్త చెప్పుకోవాలి. నోరు శుభ్రంగా వుంచుకోవడం మనకు కొత్త కాదు. మిస్వాక్ సున్నత్. మన ఇరుగుపొరుగు వారికి వేపపుల్ల వుండనే వుంది. కాని పన్ను పుచ్చి, చిగురు వాచి, రాత్రంతా నిద్ర లేకపోతే ఎవరి దగ్గరికి పోవాలి? జర్రాహ్ దగ్గరికో, క్షౌరం చేసే హజ్జాం దగ్గరికో పోవాలి. లేదా బజారులో చాప పరుచుకుని కూర్చున్న పళ్ల మనిషి దగ్గరికి పోవాలి. పెద్ద పట్నాల్లో తరతరాలుగా ఈ పని చేస్తూ వచ్చిన చైనా కుటుంబాలు కూడా కొన్ని వుండేవి. వీళ్లలో చేయి తిరిగిన వాళ్లు లేరని మేము అనము. కాని చదువు లేదు, పరీక్ష లేదు, చీము ఒళ్లంతా పాకితే అడిగే నాథుడూ లేడు. ఇదేదో మన దేశపు వెనుకబాటుతనం మాత్రమే అనుకోనక్కరలేదు. అమెరికాలోని బాల్టిమోరులో 1840లోనే ప్రపంచంలోని మొదటి దంత వైద్య కళాశాల పెట్టారు గాని, సాక్షాత్తు ఇంగ్లండులో చదువు లేనివాడు పళ్లు పీకకుండా గట్టిగా కట్టడి చేసిన చట్టం 1921లో గాని రాలేదు. ఆ ఏడాదికి కలకత్తాలో అహ్మద్ గారి కాలేజీ అప్పటికే నడుస్తున్నది.

అహ్మద్ గారు 1890 డిసెంబరు 24న తూర్పు బెంగాలులో, ఢాకా ప్రాంతంలోని బర్ధన్‌పాడాలో పుట్టారు. తండ్రి మౌల్వీ సఫీయుద్దీన్ అహ్మద్ గారు సర్కారు ఉద్యోగి. కుర్రవాడు ఢాకా మదరసాలో చదివి, తర్వాత అలీగఢ్ చేరి 1908లో పట్టా తీసుకున్నారు. సర్ సయ్యద్ గారు పెట్టిన ఆ కళాశాల ఇంకా విశ్వవిద్యాలయం కాలేదు. అలీగఢ్ పట్టా వున్న ముస్లిం యువకుడికి ఆ రోజుల్లో కచేరీ ఉద్యోగం దొరకడం ఏమంత కష్టం కాదు. ఆయన మాత్రం 1909లో అమెరికా ఓడ ఎక్కారు. బారిస్టరు చదువుకు లండను పోయేవాళ్లే ఎక్కువగా వున్న కాలంలో, పళ్ల వైద్యం కోసం అమెరికా పోవడమంటే బంధువులు ఏమనుకుని వుంటారో మనం ఊహించుకోవచ్చు.

అక్కడ అయోవా విశ్వవిద్యాలయంలో చదివి 1915లో దంత వైద్యంలో డాక్టరు పట్టా పొందారు. తర్వాత 1918 దాకా బోస్టను నగరంలోని ఫోర్సైత్ దంత వైద్యశాలలో పని చేశారు. ఈ ఫోర్సైత్ సంగతి కొంచెం చెప్పాలి. అది పిల్లల కోసమే 1914లో తెరిచిన ఆసుపత్రి. ఫోర్సైత్ అన్నదమ్ముల ఆస్తితో కట్టింది. పేద పిల్లలు వరుసగా వచ్చి కూర్చుంటే, నామమాత్రపు రుసుముతో పళ్లు చూసేవారు. పళ్ల వైద్యం డబ్బున్న వాళ్ల ముచ్చట కాదు, ఆసుపత్రిలో అందరికీ అందవలసిన సేవ అనే ఆలోచన ఆయనకు అక్కడ పని చేస్తూ బలపడి వుంటుందని మా నమ్మకం. తర్వాత ఆయన చేసినదంతా ఆ దారినే సాగింది.

1919లో స్వదేశానికి వచ్చారు. అమెరికా పట్టా వున్న దంత వైద్యుడు, కలకత్తా లాంటి నగరం, దొరలు, జమీందారులు, సేట్లు. ఒక గది, ఒక కుర్చీ, ఒక బోర్డు వుంటే చాలు, జీవితం హాయిగా గడిచిపోయేది. ఆయన 1920లో కాలేజీ పెట్టారు. మన దేశంలో అదే మొదటి దంత వైద్య కళాశాల.

కాలేజీ అంటే నాలుగు బెంచీలు, ఒక నల్లబల్ల కాదు గదా! పళ్ల చదువు చేతి పని. కుర్చీలు కావాలి, కుట్టు మిషను తొక్కినట్టు కాలితో తొక్కి తిప్పే డ్రిల్లులు కావాలి, అచ్చులు తీయడానికి ప్లాస్టరు, కట్టుడు పళ్లకు రబ్బరు, సామాన్లు ఉడికించే పాత్రలు కావాలి. అన్నిటికంటే ముందు రోగులు కావాలి, అంటే కాలేజీకి ఆసుపత్రి జోడుగా వుండాలి. పేదవాడి దగ్గర డబ్బు తీసుకోలేరు, విద్యార్థులు పదుల సంఖ్యలో రారు. మరి డబ్బెక్కడిది? ఇక్కడే మనకు నవ్వూ వస్తుంది, గౌరవమూ కలుగుతుంది. అహ్మద్ గారు కలకత్తాలో న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అనే పేరుతో ఒక సోడా, ఐస్‌క్రీం దుకాణం తెరిచారు. అమెరికాలో చూసి వచ్చిన తరహా అది. ఆ రాబడి తెచ్చి కాలేజీలో పోశారు. తీపి తింటే పళ్లు పుచ్చుతాయని పాఠం చెప్పే మాస్టారే ఆ పాఠశాల ఖర్చుకు తీపి అమ్మారన్నమాట! డాక్టరై వుండి సోడాలు అమ్మడమా అని నామోషీ పడలేదు. చందాల కోసం నవాబుల దేవిడీల చుట్టూ తిరిగేకంటే అదే మేలు అనిపించి వుండవచ్చు.

మొదట్లో అది ఏడాది చదువు మాత్రమే. క్రమంగా పెంచుకుంటూ పోయి నాలుగేళ్ల చదువు చేశారు. ఒక్కసారిగా పెద్ద కోర్సు పెట్టివుంటే చేరేవాళ్లు వుండేవారు కారు. చిన్నదిగానే వుంచేస్తే పట్టాకు విలువ వుండేది కాదు.

ఆడపిల్లల సంగతిలో ఆయన దృష్టి మనం ప్రత్యేకంగా గమనించాలి. ఆయన చదివిన అయోవా రాష్ట్రంలో దంత వైద్యుల సంఘం 1865లోనే లూసీ హాబ్స్ అనే స్త్రీని సభ్యురాలిగా చేర్చుకుంది. అహ్మద్ గారి కాలేజీలో తొలి రోజుల్లోనే ఒక ముస్లిం యువతి చదివింది. ఆమె ఫాతిమా జిన్నా. చదువు ముగించి 1923లో బొంబాయిలో సొంత దంత వైద్యశాల తెరిచారు. తర్వాతి కాలంలో ఆమె దేశం వేరు, రాజకీయం వేరు. దానితో మనకు ఇక్కడ పని లేదు. పరదా ఇంకా గట్టిగా వున్న రోజుల్లో ఒక ముస్లిం ఆడపిల్ల తెల్ల కోటు వేసుకుని రోగి నోట్లో చేయి పెట్టి వైద్యం చేయడం నేర్చుకుందంటే, నేర్పిన చోటు ఎలాంటిదో చూడండి. ఈ మాట మేము మన ఇళ్లలోని పెద్దలకే వినిపిస్తున్నాము.

పుస్తకాల పనిలోనూ వెనుకబడలేదు. 1925లో ఇండియన్ డెంటల్ జర్నల్ మొదలుపెట్టి 1946 వరకు తానే సంపాదకత్వం వహించారు. 1928లో విద్యార్థుల కోసం చేతి పుస్తకం ఒకటి రాశారు. 1939లో బెంగాలులో దంత వైద్యుల చట్టం రావడంలో ఆయన చేయి వుంది. 1945 నుంచి 1948 దాకా ఇండియన్ డెంటల్ అసోసియేషనుకు అధ్యక్షులుగా వున్నారు. ఆ 1948లోనే దేశమంతటికీ వర్తించే డెంటిస్టుల చట్టం వచ్చింది, మరుసటి సంవత్సరం డెంటల్ కౌన్సిల్ ఏర్పడింది.

అంతలో దేశ విభజన జరిగింది. ఆయన పుట్టిన వూరు అవతలి దేశంలో పడింది. ఆయన కలకత్తాలోనే వుండిపోయారు. 1949లో, దాదాపు ముప్ఫై ఏళ్లు పెంచిన ఆ కాలేజీని పశ్చిమ బెంగాలు ప్రభుత్వానికి అప్పగించేశారు. అప్పుడే అది కలకత్తా విశ్వవిద్యాలయానికి అనుబంధమైంది. కొడుకులకో, అల్లుళ్లకో రాసి ఇచ్చే ఆస్తిగా ఆయన దాన్ని చూడలేదు. ఇప్పుడు ప్రైవేటు కాలేజీల సీట్ల రేట్లు వింటుంటే ఈ సంగతి కథలాగా వుంటుంది. మన భాషలో చెప్పాలంటే అది వక్ఫ్ చేసినట్టే.

మన వైపుకు ఈ చదువు రావడానికి ఇంకా పదేళ్లు పట్టింది. హైదరాబాదులో ఉస్మానియా ఆసుపత్రికి చేరువలో, అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల 1959లో వచ్చింది. సికిందరాబాదులో సైనికోద్యోగుల పిల్లల కోసం ఆర్మీ డెంటల్ కాలేజీ 2001లో మొదలైంది. దేశంలో ఇప్పుడు మూడు వందలకు పైగా దంత వైద్య కళాశాలలు వున్నాయి. సీటు రావాలంటే ఎం.బి.బి.యస్. పిల్లలు రాసే నీట్ పరీక్షే రాయాలి. అయినా మనవాళ్లు పిల్లకు బి.డి.యస్. వచ్చిందంటే పరామర్శకు వచ్చినట్టు మాట్లాడతారు! ఆ చిన్నచూపు మాకు నచ్చదు. గుట్కా, జర్దా నమిలి నోరు తెరుచుకోలేని స్థితికి వచ్చిన యువకులు మన బస్తీల్లో ఎంతమంది లేరు? నోటిలో తెల్లని మచ్చనో, మానని పుండునో ముందుగా కనిపెట్టగలిగేది పళ్ల డాక్టరే. మన గాంధీ ఆసుపత్రిలో దంత విభాగం వున్నది. పన్ను నొప్పికి లవంగం నూనె పెట్టుకుని నెలలు గడిపే వాళ్లు ఒక్క పొద్దున అక్కడి ఓ.పి.లో నిలబడితే పోయేదేముంది?

అహ్మద్ గారు ప్రజా జీవితంలోనూ వున్నారు. 1932 నుంచి 1936 దాకా కలకత్తా కార్పొరేషను కౌన్సిలరుగా, 1942 నుంచి 1944 దాకా ఆల్డర్‌మన్‌గా పని చేశారు. 1950లో పశ్చిమ బెంగాలు మంత్రివర్గంలో చేరి పదేళ్లు మంత్రిగా, ముఖ్యంగా వ్యవసాయ శాఖ చూశారు. ముఖ్యమంత్రి బి.సి. రాయ్ గారు కూడా డాక్టరే. పళ్ల డాక్టరుకు పైరు పంటలతో ఏమి పని అనిపించవచ్చు గాని, సోడా దుకాణం నడిపి కాలేజీ నిలబెట్టిన మనిషికి ఏ శాఖ ఇస్తే ఏమి!

1964లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చి గౌరవించింది. మరుసటి ఏడాది, 1965 ఫిబ్రవరి 9న మర్హూమ్ అహ్మద్ గారు కలకత్తాలో కన్నుమూశారు. అల్లాహ్ ఆయనకు మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఆయన పెట్టిన కాలేజీ ఇవాళ డాక్టర్ ఆర్. అహ్మద్ దంత వైద్య కళాశాల, ఆసుపత్రి అనే పేరుతో కలకత్తా ఆచార్య జగదీశ్ చంద్ర బోసు రోడ్డు మీద నడుస్తున్నది. కొన్నేళ్లుగా ఆయన పుట్టిన డిసెంబరు 24వ తేదీని మన దేశపు దంత వైద్యులు తమ దినంగా జరుపుకుంటున్నారు.