శ్రీమతి మేరీ గిబ్సన్ హెన్రీ

మన యంగళ్లలో లిల్లీపూవులని విక్రయింపబడునవి నిజమునకు లిల్లీలు కావు, అవి నేలసంపెంగలు. అసలైన లిల్లీ పొరలుపొరలుగా నుండు గడ్డనుండి మొలచి, ఆరు రేకుల పెద్దపూవులను పూయును. అట్టి లిల్లీలలో మిక్కిలి యరుదైన యొకదానిని అమెరికా దేశపు సముద్రతీరమునకు చేరువ బురదనేలలో కనుగొనిన స్త్రీ చరిత్రమును మేమిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

మేరీ గిబ్సను 1884వ సంవత్సరమున పెన్సిల్వేనియా రాష్ట్రమందలి జెంకిన్‌టౌనులో జన్మించెను. ఫిలడెల్ఫియాలోని యొక బాలికల పాఠశాలలో 1902లో చదువు ముగించెను. కళాశాల విద్య ఆమెకు లేదు. వృక్షశాస్త్రమును గురుముఖమున నేర్వలేదు. 1909లో జాన్ నార్మన్ హెన్రీ యను వైద్యుని వివాహమాడి, అయిదుగురు బిడ్డలకు తల్లియై, చాలకాలము గృహకృత్యములందే గడపెను. చిన్ననాటనే కలిగిన యడవిపూవుల ప్రీతి మాత్ర మామెను విడువలేదు.

నలుబది యేండ్లు దాటిన పిదప ఆమె మొక్కలకై దేశసంచారము ప్రారంభించెను. పదునెనిమిదవ శతాబ్దమున దక్షిణ రాష్ట్రములలో తిరిగిన విలియం బార్ట్రము గ్రంథమును చదివి, ఆయన చూచిన వానిని తానును చూడగోరెను. ఆమె మోటారుబండిలో త్రవ్వితెచ్చిన మొక్కలు వాడకుండ గాలి తగులు చోటును, ఆకుల నదిమి యారబెట్టు చట్రములును అమర్పబడెను. 1931లో భర్తను, బిడ్డలను వెంటబెట్టుకొని, గుఱ్ఱములపై కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ఉత్తరపు కొండలలో సంచరించెను. అచట నొక శిఖరమునకు ఆమె పేరే పెట్టిరి. ఆ యాత్ర యొక పుస్తకమునకు సరిపోవును గాని, మాకు ముఖ్యమైనది లిల్లీ.

అరుదైన మొక్కలు మనుష్యులు సులభముగా పోజాలని చోట్లనే మిగిలియుండునని ఆమె యనుభవముమీద గ్రహించెను. కనుక తోక గలగలలాడించు విషసర్పములున్న చిత్తడి నేలలలో మేజోళ్లు లేని కాళ్లతోనే దిగి నడచెడిది. మెక్సికో సింధుశాఖ తీరమున, అలబామా ఫ్లోరిడా రాష్ట్రములు కలియు ప్రాంతమున, 1940లో అట్లు వెదకుచుండగా నీ లిల్లీ యామె కంటబడెను. పొడవైన కాడ, దాని తుదను తలవంచి వ్రేలాడు బంగారువన్నె పూవు, వెనుకకు చుట్టుకొనిన రేకులు, వానిపై గోధుమరంగు చుక్కలు. శాస్త్రజ్ఞులకు అంతవరకు తెలియని జాతియని తేలగా, ఆమెయే దానిని వర్ణించి పేరిడెను. ఇంద్రధనుస్సు నేలను తాకుచోట బంగారుకుండ యుండునని పాశ్చాత్యుల పిల్లల కథ. ఆ ధనుస్సునకు అధిదేవత ఐరిస్. కుండకు లాటినున ఓల్లా. రెండును కలిపి లీలియం ఇరిడోల్లే యనెను. పండితులు పెట్టెడి పేరులలో నింత ముచ్చటైనవి కొలదియే!

ఈ లిల్లీ యా రెండు రాష్ట్రములలోని కొలది జిల్లాలలో తప్ప మఱెచటను స్వతస్సిద్ధముగా పెరుగదు. దాని కూరు నీటిజాడయు కావలెను, అప్పుడప్పుడు నిప్పును కావలెను. పిడుగుపాటున పుట్టిన మంట పైనుచెట్ల తోపులలో ప్రాకి పొదలను కాల్చును. గడ్డ నేలలో చల్లగా నుండి, వెలుతురు తగులగనే చిగిర్చును. మంటల నాపివేసినచో పొదలు క్రమ్మి లిల్లీ పూయకుండును. కాలువలు త్రవ్వి బురద నార్చినచో గడ్డయే నశించును. ఈ రెండు కారణములచే నది క్షీణించి, ఫ్లోరిడా రాష్ట్రపు ఆపన్నజాతుల పట్టికలో చేరినది.

ఆమె తాను తెచ్చిన మొక్కలను ఫిలడెల్ఫియా చెంత గ్లాడ్వినులోని తన కొండవాలు తోటలో నాటి, 1948లో ఆ తోటను వృక్షపరిశోధన సంస్థగా స్థాపించెను. 1954లో జార్జియాలో ఆమె కనుగొనిన, శరత్తున ఎఱ్ఱబారు నొక పొదను నేడనేకులు తోటలలో పెంచుచున్నారు. ఫ్లోరిడా తీరపు చిత్తడులలో పెరుగు, లిల్లీని బోలిన తెల్లపూవుల మొక్క కొకదానికి 1962లో హైమనోకాలిస్ హెన్రియే యని ఆమె పేర నామకరణము చేసిరి.

1967లో, ఎనుబదిరెండేండ్ల ప్రాయమున, ఉత్తర కెరొలినాకు మొక్కలకై వెళ్లియుండగనే ఆమె మరణించెను.